భూటాన్ పోస్టింగ్‌లో మా ఆదివారాలని గట్టెక్కించిన మూడు లీటర్ల కుక్కర్

తిరుపతి గాంధీ రోడ్డులో ఒక పాత్రల అంగట్లో కొన్న మూడు లీటర్ల ప్రెషర్ కుక్కర్‌కి రివ్యూ ఇది. కుక్కర్‌కి ఇంత పెద్ద రివ్యూనా అని నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి, ఆర్మీ ఇళ్ళల్లో వాళ్ళు మాత్రం చివరిదాకా చదవండి, ముఖ్యంగా భూటాన్ పోస్టింగ్ ఆర్డర్ చేతికొచ్చి ఏం సర్దుకోవాలో తెలీక కూర్చున్నవాళ్ళు.

మా ఆయన ఇమ్‌ట్రాట్‌లో చేశారు. భూటాన్ సైన్యానికి ట్రైనింగ్ ఇచ్చే మన ఇండియన్ మిలిటరీ టీమ్ అది, 1960ల మొదట్నుంచీ ఆ దేశంలో ఉంది, హెడ్‌క్వార్టర్ హా అనే లోయలో. యూనిట్ సంగతులు రాయను, రాయకూడదు కూడా. నేను చెప్పేది సెలవు రోజుల గురించి. హా చిన్న ఊరు, వీధికి అటూ ఇటూ అంగళ్ళు, కాసేపు నడిస్తే ఊరు అయిపోతుంది, వారమంతా క్వార్టర్‌లో ఉండి ఆదివారం వచ్చిందంటే పిల్లలు పొద్దున్నే "ఎక్కడికి పోతాం మా" అని మొదలుపెడతారు. చూడ్డానికి చోట్లు బోలెడు, తిండి దగ్గరే వస్తుంది తంటా. ఎమా దాత్షి అని వాళ్ళ జాతీయ వంట, అక్కడ మిరక్కాయ కారానికి వేసేది కాదు, అదే కూరగాయ, చీజ్‌లో ఉడికించి ఎర్రబియ్యం అన్నంలోకి పెడతారు. నాకైతే భలే నచ్చింది, కారమంటే మనకి భయమా ఏమన్నానా. పిల్లలు ముట్టరు. ఇంక సెకండ్ సాటర్‌డే బయటికి పోతే మాకు శనివారం నీచు లేదు, మా అత్తమ్మ వచ్చి ఉన్నప్పుడైతే నీచు వండే చోట నీళ్ళు కూడా తాగదు. అందుకే కుక్కర్ కారెక్కింది.

హాట్ ప్యాక్‌లో పెట్టుకుని పోవచ్చు కదా అంటారు. పెట్టుకుపోయాం మొదట్లో, ఆ చలికి మధ్యాహ్నానికి అన్నం గట్టిపడి గింజ గింజ విరిగిపోతుంది, పులిహోర అయితే కాస్త నయం, పప్పన్నం అయితే దండగే. అక్కడికి పోయి వండుకోవాల్సిందే. మామూలు గిన్నెలో వండుదామా అంటే ఉడకదు, ఎందుకంటే ఎత్తుకి పోయేకొద్దీ నీళ్ళు తక్కువ వేడికే మరిగిపోతాయి. తిరుపతిలో దాదాపు 100 డిగ్రీలకి మరిగే నీళ్ళు 2,700 మీటర్ల దగ్గరుండే హాలో 91 దగ్గరే మరుగుతాయి, చేలే లా కనుమ మీద 87 దగ్గర. తెర్లడం తెర్లుతా ఉంటుంది, పప్పు మాత్రం రాళ్ళలా అట్లే ఉంటుంది. కుక్కర్‌లో అయితే మూత కింద ప్రెషర్ కట్టుకుంటుంది కాబట్టి అక్కడ కూడా వేడి 115 ప్రాంతానికి పోతుంది. అయినా మన ఊరి లెక్క పనికిరాదు, సోనా మసూరికి ఇక్కడ మూడు విజిల్స్ అయితే అక్కడ ఇంకో రెండు పెట్టాలి. కందిపప్పు మూత టైట్‌గా ఉండే స్టీలు డబ్బాలో నానబోసి కారులో పెట్టేస్తే మనం చేరేలోపల నాని ఉంటుంది, టైమ్ కలిసొస్తుంది.

ఈ కుక్కర్ అసలు పనితనం నేను చూసింది చేలే లా మీదే. హా నుంచి పారో పోయే దారిలో 3,988 మీటర్ల ఎత్తున ఉంటుంది ఆ కనుమ, పైన్, స్ప్రూస్ చెట్ల మధ్య మెలికలు మెలికలుగా ఎక్కి ఎక్కి పైకి పోతే చెట్లు అయిపోయి గాలి మొదలవుతుంది, ఆ గాలికి ప్రార్థన జెండాలు టపటపా కొట్టుకుంటా ఉంటాయి, మబ్బు లేకపోతే జొమోల్హరి కనపడుతుంది, 7,326 మీటర్ల మంచుకొండ. మేము కారు అడ్డం పెట్టి, గాలి తగలని పక్క చిన్న బ్యూటేన్ స్టవ్ పెట్టి, కుక్కర్‌లో కింద పప్పు, పైన చిన్న గిన్నెలో బియ్యం. మంట చూస్తే అగ్గిపుల్ల అంత. కారణం ఏందంటే బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి సరిగా గ్యాస్ అవ్వదు, క్యాన్ చల్లబడితే మంట చచ్చిపోతుంది. మా ఆయన స్పేర్ క్యాన్‌ని దారి పొడుగునా జాకెట్ లోపల పెట్టుకుని వస్తారు, అది మార్చంగానే మంట లేచింది. కాసేపటికి విజిల్ ఒక్కసారి కుయ్యిమంది చూడండి, అక్కడ పడుకున్న కుక్కలన్నీ లేచి పరుగో పరుగు. పక్కన పిక్నిక్‌కి వచ్చిన భూటాన్ వాళ్ళ కుటుంబం పగలబడి నవ్వి, వాళ్ళ ఎమా దాత్షి మాకిచ్చారు, మా పప్పులో నెయ్యి వేసి ఊరిబిండితో వాళ్ళకి పెట్టాం. ఊరిబిండి తిని వాళ్ళ పెద్దాయన ఇంకొంచెం కావాలని చెయ్యి చాపాడు. పిల్లలు మాత్రం అంత చలిలో పొగలు పోయే పప్పన్నం మాట్లాడకుండా తిన్నారు, ఇంట్లో ఏనాడన్నా అట్లా తిన్నారా అంటే లేదు.

ఒక్క మాట, ఎక్కడ పడితే అక్కడ స్టవ్ పెట్టకండి. భూటాన్ రాజ్యాంగంలోనే 60 శాతం భూమి అడవిగా ఉండాలని రాసుకున్నారు, చలికాలంలో ఎండు గడ్డికి నిప్పు అంటుకుంటే ఆగదు. చెట్ల కింద, చోర్టెన్ల పక్కన, అంటే వాళ్ళ బౌద్ధ స్తూపాల పక్కన వద్దు, కార్లు ఆపే ఖాళీ జాగాలో పెట్టుకుని చెత్త వెనక్కి తెచ్చుకోండి.

అన్ని ట్రిప్పులకీ కుక్కర్ పనికిరాదు. పారో దగ్గర తక్త్సంగ్‌కి, అదే ఆ కొండ అంచుకి అతుక్కున్నట్టు ఉండే గుడి, దానికి పోయేటప్పుడు కారులోనే వదిలేయాలి. 1692లో కట్టారు, 1998లో కాలిపోతే మళ్ళీ కట్టుకున్నారు. మోకాళ్ళ పర్వతం ఎక్కినవాళ్ళకి ఆ ఎక్కుడు కొత్త కాదు, కానీ మన అలిపిరి దారిలో 3,550 మెట్లు, పైన కప్పు ఉంటాయి కదా, అక్కడ మట్టి దారి, గాలి కూడా పలచన, మూడు వేల మీటర్ల పైన ఆయాసం వేరే లెవెల్. గుర్రం సగం దాకా ఎక్కిస్తుంది, దిగేటప్పుడు మాత్రం కాళ్ళే గతి. లోపలికి ఫోన్లు, బ్యాగులు తీసుకుపోనివ్వరు, బయట లాకర్‌లో పెట్టాలి, మా అత్తమ్మ అది చూసి "ఈడ కూడా తిరుమల మాదిరే చేస్తా ఉండారే" అని చాలా సంతోషపడింది. ఇట్లాంటి చోటికి చిత్రాన్నం పొట్లాలే బెస్ట్, చెనిక్కాయలు ఎక్కువ వేసి.

రెండు రోజులు దొరికితే పునాఖా పోండి. దారిలో దోచు లా కనుమ దగ్గర 108 చోర్టెన్లు ఉంటాయి, 2003లో మిలిటెంట్ల మీద చేసిన ఆపరేషన్‌లో చనిపోయిన సైనికుల జ్ఞాపకంగా కట్టినవి. టూరిస్టులంతా ఫోటోలు తీసుకుంటా ఉంటే మా ఆయన కాసేపు అట్లే నిలబడిపోయారు, నేను కూడా పిల్లల్ని అరవద్దన్నా. పునాఖా కిందికి ఉంటుంది, దాదాపు 1,200 మీటర్లే, ఫో ఛూ, మో ఛూ అని రెండు నదులు కలిసే చోట జోంగ్, అంటే కోట లాంటి మఠం, మన హార్స్‌లీ హిల్స్ అంత ఎత్తే కాబట్టి కుక్కర్ కూడా మన ఊరి లెక్కకి వచ్చేస్తుంది, స్టవ్ గోల లేదు. ఇంటి నుంచి ఎండబెట్టి తెచ్చుకున్న అనపగింజలు, ముందు రాత్రి హోటల్ రూమ్‌లో నానబెట్టి, పొద్దున పిల్లలతో పితికించి, ఏటి ఒడ్డున పితికిపప్పు చేశా, ఎర్రగడ్డలు ఉర్లగడ్డలు థింపూ వీకెండ్ మార్కెట్లో కొన్నవి. చెప్తే నమ్మరు కానీ చిత్తూరులో చేసినదానికంటే బాగా వచ్చింది.

వండే ఓపిక లేని రోజు కూడా ఉంటుంది లెండి. బోర్డర్ ఊరు ఫుంత్షోలింగ్ నుంచి థింపూ పోయే రోడ్డు మన బోర్డర్ రోడ్స్ వాళ్ళ దంతక్ ప్రాజెక్ట్ వేసింది, ఆ దారిలో తక్తి దగ్గర వాళ్ళ క్యాంటీన్‌లో మసాలా దోశ దొరుకుతుంది. లీవుకి వచ్చేటప్పుడు, పోయేటప్పుడు అక్కడ ఆగాల్సిందే. సాంబార్ మన టేస్ట్ కాదు, కానీ ఆ కొండల్లో సాంబార్‌కి వంకలు పెట్టే మూడ్ ఎవరికుంటుంది.

ఇంక కుక్కర్‌లో లోపాలు. గ్యాస్కెట్ చలికి బిర్రుగా అయిపోతుంది, మూత ఎంత తిప్పినా సరిగ్గా కూర్చోదు, పక్కల నుంచి ఆవిరి కారిపోతుంది. ఫ్లాస్క్‌లో వేడి నీళ్ళు ఉంటాయి కదా, గ్యాస్కెట్‌ని అందులో ముంచి రెండు నిమిషాలు ఉంచితే మెత్తబడుతుంది. కొండ రోడ్ల కుదుపుకి పిడి స్క్రూలు లూజ్ అవుతాయి, చిన్న స్క్రూడ్రైవర్ కుక్కర్‌లోనే పడేసుకోండి. లోపలికి వెళ్ళే మూత మోడల్ కాబట్టి కడగడం విసుగు, నది నీళ్ళల్లో చేతులు కొంకర్లు పోతాయి. కంపెనీ ఇచ్చిన బుక్‌లో ఎత్తు గురించి ఒక్క ముక్క లేదు, రెసిపీలు మాత్రం ఇరవై పేజీలు, అది నాకు నచ్చలా.

కొనేటప్పుడు ఇండక్షన్ బేస్ ఉందో లేదో చూసుకోండి, అది ముఖ్యం. భూటాన్‌లో కరెంటు నదుల మీదే తయారవుతుంది, మా క్వార్టర్‌లో ఎక్కువ వంట ఇండక్షన్ మీదే, అదే కుక్కర్ ఇంట్లోనూ బయటా పనికొస్తే రెండోది మోసుకుపోయే పనిలేదు. ఫ్లైట్‌లో పోయేవాళ్ళు గ్యాస్ క్యాన్లు పెట్టుకోవద్దు, తీసేస్తారు, బోర్డర్‌లో జైగావ్‌లో కొనుక్కోవచ్చు. మన రూపాయికి వాళ్ళ ఎన్గుల్త్రుమ్ సమానమే కాబట్టి బేరం ఆడేటప్పుడు లెక్కలు కట్టే గోల కూడా ఉండదు. అంగడాయన ఈ కుక్కర్‌తో పాటు ఒక వెయిట్ కూడా ఎక్స్‌ట్రా ఇచ్చాడు అడిగితే, ఆ మాత్రం అడగండి. గ్యాస్కెట్లు మాత్రం డబ్బులిచ్చి ఇక్కడే రెండు కొనుక్కోండి, హాలో నాకు ఈ సైజు దొరకలా.

ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తా. నలుగురి దాకా మూడు లీటర్లు చాలు. మా పక్క క్వార్టర్‌లో ఆరుగురు ఉండేవాళ్ళు, వాళ్ళు కూడా నన్ను చూసి మూడు లీటర్లదే తెప్పించుకుని ప్రతిసారీ రెండు వాయిలు వండాల్సి వచ్చేది, ఆ చలిలో రెండో వాయి దాకా ఎవరు ఆగుతారు, అంతమంది ఉంటే ఐదు లీటర్లది తీసుకోండి.