ముఖానికి కట్టుకున్న తెర: ఏళ్ల తరబడి వీఆర్ వాడాక

వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్ కొందామనుకునేవాళ్లు నన్ను మొదట అడిగేది రిజల్యూషన్ ఎంత, అంటే తెరలో ఎన్ని చుక్కలు (పిక్సెళ్లు) ఉన్నాయనే. డబ్బా మీద పెద్ద అంకెల్లో ఉండేదీ అదే. నేనైతే ముందు వేరే రెండు విషయాలు చూస్తాను. తల తిప్పినప్పుడు బొమ్మ వెనకపడకుండా తిరుగుతోందా? అరగంట పెట్టుకున్నాక ముఖం, మెడ ఏమంటున్నాయి? అట్టపెట్టెలో ఫోన్ దూర్చి చూసే రకంతో మొదలుపెట్టి, కంప్యూటర్‌కి వైరుతో తగిలించే రకం, ఆ తర్వాత వైర్లేమీ లేకుండా సొంతంగా నడిచే రకం, మూడూ బాగా వాడాను. మొదటి సమస్యను ఇంజినీర్లు దాదాపు గెలిచారు. రెండోది ఇంకా మన మెడ మీదే ఉంది.

ఆ మొదటిది గెలవడానికి అర్ధ శతాబ్దం పట్టింది. రెండు కళ్లకీ కొద్ది తేడా ఉన్న రెండు బొమ్మలు చూపిస్తే మెదడు వాటిని కలిపి లోతు చూస్తుందని చార్లెస్ వీట్‌స్టోన్ 1838లోనే తన స్టీరియోస్కోప్‌తో వివరించాడు. కాబట్టి త్రీడీ అన్నది వీఆర్ గొప్పేమీ కాదు. మోర్టన్ హైలిగ్ 1962లో పేటెంట్ తీసుకున్న సెన్సొరామా అనే యంత్రం కుర్చీని కదిలించేది, గాలి విసిరేది, వాసనలు కూడా వదిలేది. కానీ అందులో నడిచేది ముందే తీసిపెట్టిన సినిమా. చూసేవాడు తల ఎటు తిప్పినా దానికి పట్టదు.

దానికి పట్టేలా చేసింది ఇవాన్ సదర్లాండ్. 1968లో తన విద్యార్థి బాబ్ స్ప్రౌల్‌తో కలిసి ఆయన తయారుచేసిన పరికరం, తల ఎటు తిరిగిందో కొలిచి దానికి తగ్గట్టు బొమ్మను మళ్లీ గీసేది. కనిపించేవి ఉత్త గీతల బొమ్మలు. తల కదలికను కొలిచే యంత్రం పైకప్పు నుంచి వేలాడేది, దాన్ని నెత్తికి తగిలించుకోవాలి. దానికి ‘డెమొక్లిస్ కత్తి’ (గ్రీకు కథలో నెత్తి మీద వెంట్రుకకు వేలాడే కత్తి) అన్న పేరు పడింది. తమాషా ఏమిటంటే, ఆ పరికరంలో గది కనిపిస్తూనే దాని మీద బొమ్మ తేలేది. ఇప్పుడు మిక్స్‌డ్ రియాలిటీ అని కొత్త సరుకులా అమ్ముతున్న ఆలోచన ఆ తొలి నమూనాలోనే ఉందన్నమాట.

తర్వాత 1980లలో జారన్ లానియర్ కంపెనీ వీపీఎల్ రీసెర్చ్ చేతికి డేటాగ్లోవ్ అనే తొడుగు, తలకి ఐఫోన్ అనే హెడ్‌సెట్ అమ్మింది (ఆ ఐఫోన్‌లో ‘ఐ’ అంటే కన్ను, మీ జేబులో ఉన్నది కాదు). కంప్యూటర్లతో కలిపి మొత్తం సెటప్‌కి లక్షల డాలర్లయ్యేది. 1991లో వర్చువాలిటీ అనే వీఆర్ యంత్రాలు వీడియో గేమ్ సెంటర్లకు వచ్చాయి. సెగా ఒక హెడ్‌సెట్ ప్రదర్శించి చివరికి అమ్మకుండానే మానేసింది. 1995లో నింటెండో తెచ్చిన వర్చువల్ బాయ్‌ని బల్ల మీద స్టాండ్‌కి పెట్టి లోపలికి తొంగిచూడాలి, కనిపించేది నలుపు మీద ఎరుపు. ఏడాది తిరగకుండానే దాన్ని ఆపేశారు. ఆ దశాబ్దంలో వీఆర్ మూలపడటానికి ధర ఒక్కటే కారణం కాదు. కంప్యూటర్ కొత్త బొమ్మ గీసేలోపు తల ఇంకోచోటికి వెళ్లిపోయేది. ఆ తేడాకి మనిషికి కడుపులో తిప్పేది.

దారి చూపించింది ఫోన్లు. స్మార్ట్‌ఫోన్ల పుణ్యమా అని చిన్న తెరలు, కదలికను పసిగట్టే సెన్సర్లు చవకయ్యాయి. 2012లో పామర్ లకీ ఆక్యులస్ రిఫ్ట్ అనే హెడ్‌సెట్ కోసం, జనం నుంచి డబ్బు పోగుచేసే కిక్‌స్టార్టర్ సైట్‌లో సుమారు 24 లక్షల డాలర్లు సేకరించాడు. 2014లో ఫేస్‌బుక్ ఆక్యులస్ కంపెనీని సుమారు 200 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. డెవలపర్ల కోసం వచ్చిన రిఫ్ట్ రెండో నమూనాలో తెర ఫోన్‌ది, గెలాక్సీ నోట్ 3ది.

మన లోపలి చెవి తల కదిలిందని చెప్తుంటే, కన్ను లేదంటే, మెదడు తికమకపడి వికారం పుట్టిస్తుంది. తల కదలికకూ తెర మీద మార్పుకూ మధ్య ఆలస్యం 20 మిల్లీసెకన్ల లోపు ఉంటే చాలామందికి తేడా తెలియదు. అక్కడికి చేరడానికి తెరలు సెకనుకి 90 సార్లు మారడం మొదలుపెట్టాయి, ప్రతి బొమ్మా లిప్త పాటు మాత్రమే వెలిగి ఆరిపోయేలా చేశారు. కొత్త బొమ్మ సమయానికి సిద్ధం కాకపోతే, పాతదాన్నే తల తాజాగా ఉన్న దిక్కుకి జరిపి చూపించే ఉపాయం కూడా వచ్చింది. వాడేవాడికి ఇవేవీ కనిపించవు. కనిపించకపోవడమే వాటి పని.

నా అనుభవంలో అసలు తేడా తెలిసింది ముందుకు వంగినప్పుడు. 2014లో గూగుల్ చూపించిన కార్డ్‌బోర్డ్ తరహా పెట్టెలకి తల ఎటు తిరిగిందో తెలుసు గానీ ఎంత జరిగిందో తెలియదు. వంగితే ప్రపంచమంతా మనతోపాటే వంగుతుంది. పది నిమిషాలకే నాకు నుదుటి మీద చెమట పట్టేది. 2016లో రిఫ్ట్, వైవ్ హెడ్‌సెట్లు మార్కెట్లోకి వచ్చాక ఆ బాధ పోయింది. వైవ్‌కైతే గది మూలల్లో పెట్టిన పెట్టెలు లేజర్ కిరణాలతో గదిని ఊడుస్తుంటే, హెడ్‌సెట్ ఆ కాంతిని పట్టి తన చోటు లెక్కగట్టుకునేది. వైరుతో ఆడినంతకాలం నా బుర్రలో ఒక మూల ఎప్పుడూ కాలికి వైరు ఎన్ని చుట్లు తిరిగిందన్న లెక్కే నడిచేది. 2019లో వచ్చిన క్వెస్ట్ లాంటి సొంతంగా నడిచే రకాలు కెమెరాలను హెడ్‌సెట్ మీదకే తెచ్చాయి, వైరు పోయింది. నాకు మిగతా అన్ని మెరుగుదలల కంటే ఇదే పెద్దది. గదిలో మాత్రం వెలుతురు ఉండాలి, చీకట్లో కెమెరాలు దారి తప్పుతాయి. నిలువుటద్దం ఎదురుగా ఉన్నా తికమకే.

రిజల్యూషన్ పెరిగిన మాట నిజమే. 2016లో కంటికి 1080×1200, బొమ్మ దోమతెర వెనక ఉన్నట్టుండేది. 2023లో వచ్చిన క్వెస్ట్ 3లో కంటికి 2064×2208, చూపులో ఒక్కో డిగ్రీ కోణానికి సుమారు 25 పిక్సెళ్లు. మంచి చూపున్న కన్ను డిగ్రీకి 60 దాకా విడదీయగలదు కాబట్టి చిన్న అక్షరాలు చదవడం ఇంకా శ్రమే. పాత ఫ్రెనెల్ లెన్సుల (గుండ్రటి గాడులుండే రకం) మీద నల్లటి తెరపై తెల్ల అక్షరాలొస్తే చుట్టూ వెలుగు చారలు కట్టేవి. కొత్త పాన్‌కేక్ లెన్సుల్లో (కాంతిని లోపలే మడిచే పలుచని రకం) అది బాగా తగ్గింది, అంచుల దాకా స్పష్టంగా ఉంటుంది.

ఇక బరువు. 2016 రిఫ్ట్ 470 గ్రాములు. 2020 క్వెస్ట్ 2, 503. క్వెస్ట్ 3, 515. 2024లో వచ్చిన యాపిల్ విజన్ ప్రో బ్యాటరీని జేబులోకి పంపించినా 600 దాటింది. అంటే ఇన్నేళ్లలో తగ్గకపోగా పెరిగింది. ఆ బరువంతా ముందువైపే ఉండటంతో చెంప ఎముకల మీద గుర్తులు పడతాయి. తల వెనక బ్యాటరీ ఉండే పట్టీ కొన్నాక మొత్తం బరువు ఇంకా పెరిగింది, నాకు మాత్రం సుఖంగా ఉంది, తూకం కుదిరింది మరి. దీనికి తోడు కన్ను ఫోకస్ చేసే దూరం ఎప్పుడూ ఒకటే. వస్తువు ముక్కు దగ్గరికొస్తే కళ్లు దగ్గరికి తిరుగుతాయి గానీ ఫోకస్ ఎక్కడిదక్కడే. దగ్గరి వస్తువులు చూసే పని ఎక్కువైతే కళ్లు లాగుతాయి. లెన్సూ తెరా మధ్య దూరాన్ని అవసరానికి తగ్గట్టు జరిపే నమూనాను 2018లోనే ఫేస్‌బుక్ ప్రదర్శించింది. దుకాణాల్లో దొరికే హెడ్‌సెట్లలోకి అది ఇంకా రాలేదు.

మరి ఇప్పటికీ దేనికి వాడుతున్నాను? వ్యాయామానికి, విమానం కాక్‌పిట్ సిమ్యులేటర్‌కి. పాటకు తగ్గట్టు చేతులు ఊపే ఆటలు అరగంటలో ఒళ్లు తడిపేస్తాయి, అదీ నవ్వుకుంటూ. కాక్‌పిట్‌లోనైతే మెడ తిప్పి రన్‌వే వెతుక్కోవడం మామూలు తెర మీద రానే రాదు. సినిమాలకు వాడటం మానేశాను, ఆఫీసు పనికి నాలుగు తెరలు గాల్లో పెట్టుకోవచ్చన్న ప్రచారం నా మెడ ఒప్పుకోలేదు. వికారం సంగతి: ఉన్నచోటి నుంచి చూపించిన చోటికి దూకే పద్ధతిలో నడిచే ఆటలతో మొదలుపెట్టి, కాస్త తిప్పుతున్నట్టు అనిపించగానే తీసేస్తే కొన్ని వారాల్లో అలవాటవుతుంది. ‘ఓర్చుకుని ఆడదాం’ అనుకుంటే అలవాటు బదులు అసహ్యం పుడుతుంది.

సంరక్షణలో హెడ్‌సెట్‌కి ఒక్కటే ప్రాణాంతకం, ఎండ. కిటికీలోంచి ఎండ లెన్సు మీద పడితే అది భూతద్దంలా పనిచేసి లోపలి తెరను కాల్చేస్తుంది, ఆ మచ్చ పోదు. కళ్లజోడున్నవాళ్లు హెడ్‌సెట్ లోపల బిగించుకునే పవర్ లెన్సులు తీసుకోవడం మంచిది, కళ్లజోడు ఫ్రేము రుద్దుకుని హెడ్‌సెట్ లెన్సు మీద గీతలు పడితే తుడిచినా పోవు. పాతది కొంటుంటే దాన్ని ఆన్ చేయించి తెల్లటి తెర మీద మచ్చలున్నాయేమో, చేతిలో పట్టుకునే కంట్రోలర్ మీది, బొటనవేలితో తిప్పే కర్రను వదిలేసినా బొమ్మ దానంతటదే జరుగుతోందేమో చూడండి. మీ రెండు కనుపాపల మధ్య దూరం కూడా ముందే కొలిపించుకోండి. క్వెస్ట్ 2లో 58, 63, 68 మిల్లీమీటర్లకు మూడే మెట్లున్నాయి, క్వెస్ట్ 3లో చక్రం తిప్పి మధ్య దూరాలకూ సర్దుకోవచ్చు.