మొరిగే దగ్గుకు పొగ మేలా, మాత్ర మేలా?

పర్లాకిమిడిలో చలికాలం రాత్రి పదకొండు దాటాక వచ్చే తల్లులు చాలామంది అడిగేది ఒకటే: "డాక్టరు బాబూ, గుంటడు కుక్క మొరిగినట్టు దగ్గుతున్నాడు. పొగ పెట్టండి." పొగంటే నెబులైజర్, మందును సన్నటి తుంపరగా మార్చి మాస్కుతో పీల్పించే యంత్రం. అది పెట్టకపోతే వైద్యమే చెయ్యలేదనుకుంటారు.

ఆర్నెల్ల నుంచి మూడేళ్ల పిల్లల్లో పగలు ముక్కు కారడం, అర్ధరాత్రి మొరిగే దగ్గు, బొంగురు గొంతు, ఊపిరి పీల్చినప్పుడు కీచుమని చప్పుడు ఉంటే అది చాలావరకు క్రూపే. స్వరపేటిక కింద వైరస్ వల్ల వచ్చిన వాపు. యాంటీబయాటిక్ దండగ.

ఇక పొగ. అందులో ఏ మందు పోశారన్నదే అసలు సంగతి. ఉబ్బసానికి వాడే సాల్బుటమాల్‌తో ఈ వాపు తగ్గదు. బుడెసొనైడ్ అనే స్టెరాయిడ్ 2 మి.గ్రా. పోస్తే తగ్గుతుంది, నోటితో ఇచ్చే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్‌తో దాదాపు సమానంగానే. కానీ మాస్కు చూడగానే పిల్లాడు గుక్కపెడతాడు, ఏడ్చేకొద్దీ ఊపిరి ఇంకా కష్టమవుతుంది. నోటి మందు నిలవకుండా వాంతులవుతుంటే తప్ప దాని జోలికెళ్లను.

నా ఓటు నోటితో ఇచ్చే డెక్సామెథసోన్‌కే, అదీ ఒక్క మోతాదు. కిలోకు 0.15 నుంచి 0.6 మి.గ్రా. తక్కువ లెక్కన 10 కిలోల పిల్లాడికి 1.5 మి.గ్రా., అంటే అర మి.గ్రా. మాత్రలు మూడు. పంచదార నీళ్లలో నూరి, తల్లి ఒళ్లోనే చెంచాతో పట్టిస్తే సరి. గంటా రెండు గంటల్లో తేలికపడతాడు. ప్రెడ్నిసొలోన్ కూడా పనికొస్తుంది గానీ చేదు, ప్రభావమూ త్వరగా పోతుంది. లెక్క మాత్రం డాక్టరే చూడాలి, ఇంట్లో అంచనా వేయకండి.

వేడినీళ్ల ఆవిరికి లాభం రుజువు కాలేదు. మరిగే గిన్నె ఒలికి ఒళ్లు కాలే ప్రమాదం మాత్రం ఉంది. చల్లగాలి నయం. 2023లో జెనీవా వైద్యులు డెక్సామెథసోన్‌తో పాటు అరగంట ఆరుబయట ఉంచితే ఉపశమనం త్వరగా వచ్చిందని చూపారు. అయితే అక్కడి చలి 10 డిగ్రీల లోపు. మన ఊళ్లో అంత చలెక్కడిది, మహేంద్రగిరి మీదికెళ్తే తప్ప!

కదలకుండా పడుకున్నా కీచుమంటూ, డొక్కలు ఎగరేస్తుంటే అప్పుడు పొగే పెట్టాలి, అడ్రినలిన్‌తో. డెక్సామెథసోన్ కూడా ఇవ్వాలి. అరగంటలో ఊపిరి ఆడుతుంది, రెండు గంటల్లో దాని బలం దిగిపోతుంది. "తగ్గిపోయింది, వెళ్తాం బాబూ" అన్నా నాలుగు గంటలు కూర్చోబెట్టాల్సిందే. మళ్లీ బిగిస్తే పెద్దాసుపత్రికి పంపాలి; మాకు బరంపురం కంటే శ్రీకాకుళం దగ్గర.

దగ్గు లేకుండా పెద్ద జ్వరం, చొంగ కారడం, ముందుకు వంగి కూర్చోవడం ఉంటే అది క్రూప్ కాకపోవచ్చు. చెంచాతో నాలుక నొక్కి గొంతు చూడొద్దు, వెంటనే పంపేయండి.