ఆరేళ్లు వాడిన ఈ-రీడర్: చదవడానికి హాయి, కంప్యూటర్‌కు తగిలిస్తే టెన్షన్

ఈ-పుస్తకాలు చదువుకునే ఈ రీడర్ కొని ఆరేళ్లు దాటింది. కాగితంలా కనిపించే ఆరంగుళాల ఈ-ఇంక్ తెర ఇప్పటికీ కొత్తదానిలాగే ఉంది. ఎండలో కూడా అక్షరాలు అచ్చు పుస్తకంలో ఉన్నంత స్పష్టంగా కనిపిస్తాయి. ఒకసారి ఛార్జ్ చేస్తే వారాలు గడిచిపోతాయి. చదువుకోవడం వరకు దీనికి వంక పెట్టలేను.

ఇబ్బందంతా కంప్యూటర్‌కు తగిలించినప్పుడే. మొదట్లో విండోస్ వాడేవాడిని కాబట్టి కంపెనీ ఇచ్చిన ప్రోగ్రామ్‌తో పని జరిగిపోయింది. తర్వాత లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌కు మారాను. ఆ ప్రోగ్రామ్ విండోస్, మ్యాక్‌లకే ఉంది. డబ్బు పెట్టి కొన్న పుస్తకాలను నా రీడర్‌లోకి ఎక్కించుకోవడానికి స్నేహితుడి ల్యాప్‌టాప్ అడగాల్సి వచ్చింది. రీడర్ లోపల నడిచేది కూడా లినక్స్ కెర్నెలే, అంటే ఆ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగమే. అది తెలిశాక ఇంకా బాధ అనిపించింది.

ఇన్నాళ్లూ నెట్టుకొచ్చానంటే రెండు కారణాలు. ఒకటి, కేబుల్ పెట్టగానే ఇది పెన్‌డ్రైవ్‌లా కనిపిస్తుంది. కాపీని అడ్డుకునే డిజిటల్ తాళం లేని ఈపబ్ (ఈ-పుస్తకాల) ఫైళ్లు ఏ సిస్టమ్ నుంచైనా కాపీ చేసుకోవచ్చు. రెండోది క్యాలిబర్, ఈ-పుస్తకాలను సర్దిపెట్టి రీడర్‌లోకి ఎక్కించే ప్రోగ్రామ్. 2006లో వచ్చిన సోనీ పీఆర్‌ఎస్-500 అనే ఈ-రీడర్ లినక్స్‌తో పనిచేసేది కాదు. ఆ లోటు తీర్చడానికి కోవిద్ గోయల్ మొదలుపెట్టిన ప్రోగ్రామే తర్వాత క్యాలిబర్ అయింది. ఇప్పుడది విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ ఉచితంగా దొరుకుతుంది. కంపెనీ చేయాల్సిన పనిని ఒక వాడుకరి మొదలుపెట్టాడు. ఆయనకు నేను రుణపడి ఉన్నాను.

ప్రతి సిస్టమ్‌కూ విడిగా ప్రోగ్రామ్ రాయమని నేను అడగను, చిన్న కంపెనీకి అది నిజంగా భారమే. పెన్‌డ్రైవ్ పద్ధతి ఉంచండి. అప్‌డేట్ ఫైలును కాపీ చేసి ఎక్కించుకునే వీలివ్వండి. కొన్న పుస్తకం ఒక ప్రోగ్రామ్‌కే కట్టుబడిపోకుండా చూడండి. నాకు అంతే చాలు.

కొత్త రీడర్లలో కొన్ని పెన్‌డ్రైవ్ పద్ధతి వదిలి, కంప్యూటర్ అడిగిన ఫైళ్లను రీడరే అందించే ఎంటీపీ పద్ధతికి మారడం చూస్తే దిగులుగా ఉంది. దాంట్లో లాభం లేకపోలేదు. పెన్‌డ్రైవ్ పద్ధతిలో మెమరీ మొత్తం కంప్యూటర్ చేతిలోకి పోతుంది, ఎజెక్ట్ చేయకుండా కేబుల్ లాగితే ఫైళ్లు పాడవచ్చు. ఎంటీపీలో ఆ భయం తక్కువ. కానీ మ్యాక్ దాన్ని తనంతట తాను తెరవదు, వేరే ప్రోగ్రామ్ వేసుకోవాలి. వైఫై ఉందిగా అంటారు. నా సొంత ఫైళ్లు, ఫాంట్లు, బ్యాకప్ అన్నిటికీ నాకు కేబులే దిక్కు.

తర్వాతి రీడర్ కొనేముందు దాన్ని నా ల్యాప్‌టాప్‌కు తగిలించి చూస్తాను. ఫోల్డర్ తెరుచుకుంటేనే డబ్బు కడతాను.