గుల్‌మార్గ్ వెళ్తుంటే మణికట్టు గార్డులు సర్దుకోండి

ఈ సంక్రాంతి సెలవులకు విజయవాడలో ఉండకుండా గుల్‌మార్గ్ వెళ్లొచ్చాం. థర్మల్స్, గ్లౌజుల కోసం బీసెంట్ రోడ్డంతా తిరిగాం గానీ, మావాడి స్కేటింగ్ గార్డులు అలమరాలోనే ఉండిపోయాయి.

శ్రీనగర్ నుంచి 50 కిలోమీటర్లు. చవక కదా అని మొదట రెండు రాత్రులు కింద టంగ్‌మార్గ్‌లో దిగాం. పొరపాటే. పైకి 13 కిలోమీటర్లే అయినా, మంచు పడితే చక్రాలకు గొలుసులు కట్టిన బండి వేరే మాట్లాడుకోవాలి. రోజూ అదే బేరం. మూడో రోజు పైకి మారాం. అద్దె ఎక్కువే గానీ గదిలో బుఖారీ (గదిని వెచ్చబెట్టే పొయ్యి) రాజేసిచ్చారు, తడిసిన సాక్సులు దాని పక్కనే ఆరేసుకున్నాం. గొండోలా (కేబుల్ కారు) టికెట్లు ఆన్‌లైన్‌లో ముందే కొనుక్కోండి. పిల్లలతో అయితే మొదటి దశ చాలు. రెండోది 3,900 మీటర్ల పైకి తీసుకెళ్తుంది, ఊపిరాడదు.

మావాడికి పదకొండేళ్లు. స్కీయింగ్ వద్దు, స్నోబోర్డే కావాలన్నాడు. అద్దె కొట్టులో బూట్లు, హెల్మెట్ ఇచ్చారు, మణికట్టు గార్డులు లేవన్నారు. స్నోబోర్డు మీద రెండు కాళ్లూ ఒకే పలకకు బిగించి ఉంటాయి. తూలితే అడుగు మార్చి నిలదొక్కుకునే వీల్లేదు, చెయ్యి ఆనించాల్సిందే. గంట కూడా కాలేదు, వాడు నిలబడ్డచోటే వెనక్కి పడి అరచేయి ఆనించాడు. ఏడవలేదు. గ్లౌజు మాత్రం తీయనివ్వలేదు. అప్పుడు మొదలైంది నాకు టెన్షన్. నేర్పే కుర్రాడు తన మఫ్లరుతో వాడి చెయ్యి ఛాతీకి ఆనించి కట్టి, కదపొద్దన్నాడు. టంగ్‌మార్గ్‌లో ఎక్స్‌రే తీసి పట్టీ వేశారు.

ఇంటికొచ్చాక సూర్యారావుపేటలో ఎముకల డాక్టరుగారు ఫిల్ము చూసి, "పిల్లల ఎముక పచ్చికొమ్మ లాంటిదమ్మా, పుటుక్కున విరగదు. కాస్త నొక్కుకుంది, అంతే. గ్రోత్ ప్లేటుకు తగల్లేదు, నయం" అన్నారు. గ్రోత్ ప్లేటంటే ఎముక చివర పెరిగే భాగం. అది దెబ్బతింటే ఎముక ఎదుగుదలే వంకర పోవచ్చట. మూడు వారాలు స్ప్లింట్ వేశారు. స్నోబోర్డు కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఎక్కువగా దెబ్బ తగిలేది మణికట్టుకేనట, స్కీయింగ్‌లో అయితే మోకాలికి. గార్డులుంటే ఆ ముప్పు బాగా తగ్గుతుందన్నారు.

మళ్లీ వెళ్తే నేరుగా గుల్‌మార్గ్‌లోనే దిగుతాం, ఆ కుర్రాడినే పిలుస్తాం. ఫీజు పూర్తిగా ఇచ్చాం గానీ, ఆ కంగారులో అతని మఫ్లరు తిరిగివ్వలేదు. ఇంకా మా ఇంట్లోనే ఉంది.