గ్లోబ్ లైఫ్ ఫీల్డ్, అర్లింగ్టన్: ఆట చూడ్డానికి నాలుగున్నర, ఊరి లెక్కకు రెండు

ఆట చూడ్డానికి వెళ్ళిన మనిషిగా ఈ స్టేడియానికి ఐదుకి నాలుగున్నర ఇస్తాను. ఊరి ఖజానా వైపు నుంచి చూస్తే రెండుకి మించి ఇవ్వలేను. ఈ రెండు మార్కుల మధ్య ఇంత తేడా ఎందుకొచ్చిందో చెప్పాలనే ఈ రివ్యూ రాస్తున్నాను.

నేను కృష్ణా జిల్లాలో ఒక మున్సిపాలిటీ అకౌంట్స్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. మా అమ్మాయి, అల్లుడు టెక్సస్‌లో అర్లింగ్టన్‌లో స్థిరపడ్డారు. వేసవికి నేనూ మా ఆవిడా వాళ్ళ దగ్గరికే వస్తుంటాం. డాలస్‌కీ ఫోర్ట్ వర్త్‌కీ మధ్యలో ఉన్న ఊరు ఇది, 2020 జనాభా లెక్కల ప్రకారం 3 లక్షల 94 వేల మంది. టెక్సస్ రేంజర్స్ బేస్‌బాల్ జట్టు సొంత మైదానం గ్లోబ్ లైఫ్ ఫీల్డ్ ఇక్కడే ఉంది.

ముందు మంచి చెప్తాను, ఎందుకంటే మంచి చాలా ఉంది. జూలైలో టెక్సస్ ఎండ మన బెజవాడ ఎండకు ఏమీ తీసిపోదు. ఆ ఎండలోంచి గేటు దాటి లోపలికి అడుగు పెట్టగానే ఒళ్ళంతా చల్లబడుతుంది. నలభై వేల మంది పట్టే మైదానం మొత్తానికి ఏసీ! పైకప్పు జరిగి తెరుచుకుంటుంది, ఎండాకాలంలో మూసే ఉంచుతారు. మా ఆవిడకు మోకాళ్ళ నొప్పి. ఎస్కలేటర్ మీద పై అంతస్తుకు వెళ్ళి, నాలుగు మెట్లు దిగి సీట్లో కూర్చుంది, మళ్ళీ ఆట అయ్యేదాకా లేవలేదు. అంత పైనుంచి కూడా బంతి కనిపిస్తుంది, బ్యాటు తగిలిన చప్పుడు క్షణం ఆలస్యంగా చెవిన పడుతుంది.

బేస్‌బాల్ తెలియని తెలుగువాళ్ళు భయపడక్కర్లేదు. పక్కన పదేళ్ళ పిల్ల ఉంటే చాలు, అంతా అదే చెప్తుంది. మా మనవరాలు, "తాతయ్యా, ఇక్కడ బంతి నేలకు తగలనివ్వరు, అన్నీ ఫుల్‌టాసులే అనుకో" అని మొదలుపెట్టి స్ట్రైకులు, బాల్స్, ఔట్ల లెక్క అంతా నేర్పింది. జనంలోకి వచ్చిన బంతి వెనక్కి ఇవ్వక్కర్లేదు, పట్టుకున్నవాళ్ళదే. మధ్యలో డాట్ రేస్ అని ఒకటి ఉంటుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కల వేషాలు కట్టుకుని ముగ్గురు మైదానం అంచున పరుగు తీస్తారు. ఆటకంటే దానికే పిల్లలు ఎక్కువ అరుస్తారు. మాదీ అంతే, ఆకుపచ్చ చుక్క కోసం గొంతు పోగొట్టుకుంది. 2023లో ఈ జట్టు వరల్డ్ సిరీస్ (అమెరికా బేస్‌బాల్ ఛాంపియన్‌షిప్) గెలిచింది, అదీ చరిత్రలో మొదటిసారి. ఊళ్ళో ఇప్పటికీ ఆ చొక్కాలు కనిపిస్తూనే ఉంటాయి. ఒక ఊరు తన జట్టును చూసుకుని మురిసిపోవడం చిన్న విషయం కాదని నా అభిప్రాయం. లెక్కల పుస్తకంలో రాయలేం గానీ దానికీ విలువ ఉంది.

ఇక డబ్బు సంగతి.

అర్లింగ్టన్‌లో ఏదైనా కొట్లో బిల్లు చేతికొచ్చినప్పుడు ఒకసారి కిందికి చూడండి. బియ్యం, పప్పు, కూరగాయలకు టెక్సస్‌లో పన్ను లేదు. సబ్బు, గిన్నె, చెప్పులు, ఫోను, వీటన్నిటికీ 8.25 శాతం. అందులో 6.25 రాష్ట్రానిది. మిగతా రెండు శాతం స్థానికం. చట్టం ప్రకారం స్థానిక సేల్స్ టాక్స్ ఆ రెండు దాటడానికి వీల్లేదు. ఈ ఊళ్ళో ఆ రెండింటి పంపకం ఇలా ఉంది: ఒక శాతం నగరం మామూలు ఖర్చులు చూసే జనరల్ ఫండ్‌కి, పావు రోడ్ల మరమ్మతుకి, ఇంకో పావు (2020లో ఓటర్లు ఒప్పుకున్నది) ఆర్థికాభివృద్ధికి, మిగిలిన అర స్టేడియాలకి. మీరు 20 డాలర్ల గిన్నె కొంటే పది సెంట్లు స్టేడియం పద్దులో పడతాయి.

పది సెంట్లే కదా అనిపిస్తుంది. కానీ ఆ అర శాతానికి చాలా చరిత్ర ఉంది. 1991లో మొదటి బేస్‌బాల్ స్టేడియం కోసం ఓటర్లు దాన్ని ఒప్పుకున్నారు, నగరం వాటా 13.5 కోట్ల డాలర్లు. అప్పుడు రేంజర్స్ యజమానుల బృందం తరఫున వ్యవహారం నడిపింది తర్వాత అమెరికా అధ్యక్షుడైన జార్జ్ డబ్ల్యు బుష్. 1994లో స్టేడియం తెరిచారు, 1998లో జట్టును 25 కోట్లకు అమ్మారు. బుష్ సొంతంగా పెట్టింది ఆరు లక్షల డాలర్ల చిల్లర, అమ్మాక ఆయన చేతికొచ్చింది కోటిన్నర వరకు. నగరం మాత్రం బాధ్యతగా తన అప్పు గడువుకు చాలా ముందే, 2001కల్లా తీర్చేసి ఆ పన్ను ఆపేసింది. అక్కడి లెక్కల ఉద్యోగులకు నేను మనస్ఫూర్తిగా నమస్కారం పెడతాను.

2004లో డాలస్ కౌబాయ్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు స్టేడియం కోసం అదే అర శాతం మళ్ళీ వచ్చింది. ఈసారి నగరం వాటా 32.5 కోట్లు. హోటళ్ళ మీద రెండు శాతం, అద్దె కార్ల మీద ఐదు శాతం కూడా జోడించారు. ఆ అప్పు తీరి పన్ను పోతుందనుకునేలోపే 2016 వచ్చింది. రేంజర్స్‌కి ఎండ తగలని కొత్త మైదానం కావాలి, నగరం 50 కోట్ల డాలర్ల దాకా పెట్టాలి. "కొత్త పన్నేమీ లేదు, ఉన్నదే కొనసాగుతుంది" అని ప్రచారం చేశారు. నవంబరులో అరవై శాతం మంది సరేనన్నారు.

ఇక్కడే అకౌంట్స్ మనిషిగా నేను ఒప్పుకోను. ఆగిపోవాల్సిన పన్ను ఆగకపోతే, కట్టేవాడికి అది కొత్త పన్ను కిందే లెక్క. 50 కోట్లు అసలు మాత్రమే, వడ్డీ వేరు. పైగా టికెట్ మీద పది శాతం దాకా, పార్కింగ్ మీద మూడు డాలర్ల దాకా పన్ను వేసుకోవడానికి అదే ఓటుతో అనుమతి తీసుకున్నారు. ఆ రాబడి నగరానికి రాదు, జట్టు పెట్టాల్సిన వాటా కింద జమ అవుతుంది. స్టేడియం సొంతదారు నగరమే కాబట్టి ఆస్తి పన్ను రాదు. జట్టు కట్టే అద్దె ఏడాదికి 20 లక్షల డాలర్లు. ఒప్పందం 2054 దాకా.

న్యాయంగా రెండు మాటలు చెప్పాలి. ఖర్చు పెరిగితే జట్టే భరించాలని ఒప్పందంలో గట్టిగా రాసుకున్నారు. మొత్తం 110 కోట్లు దాటినా నగరం వాటా పెరగలేదు. ఇలాంటి షరతు రాయించుకోలేని పట్టణాలు ఎన్నో. రెండోది, స్టేడియాల వల్ల ఊరికి కొత్త సంపద పెద్దగా రాదని రోజర్ నోల్, ఆండ్రూ జింబలిస్ట్ లాంటి ఆర్థికవేత్తలు 1990ల నుంచీ చెప్తూనే ఉన్నారు. ఊళ్ళో వాళ్ళు సినిమాకో హోటల్‌కో పెట్టే డబ్బే స్టేడియానికి మళ్ళుతుందన్నది వాళ్ళ వాదన. అర్లింగ్టన్ విషయంలో ఇది పూర్తిగా వర్తించదు. చుట్టుపక్కల నగరాల నుంచి జనం వచ్చి ఇక్కడ ఖర్చు పెడతారు, ఆ అర శాతంలో కొంత పరాయి ఊరి వాళ్ళే కడతారు. మా అల్లుడు ఈ మాటే అంటాడు. "మామయ్య గారూ, ఫ్రిస్కో వాళ్ళు వచ్చి మనకి పన్ను కట్టి వెళ్తున్నారు కదా" అని. నిజమే.

కానీ పాత స్టేడియం ఎక్కడుందో తెలుసా? రోడ్డుకు ఇవతల, చెక్కుచెదరకుండా. ఎర్ర ఇటుక గోడలు, ఆర్చీలు, చూడముచ్చటగా ఉంటుంది. 1994 నుంచి 2019 దాకా, 26 సీజన్లు ఆడి వదిలేశారు. తర్వాత చాక్టా స్టేడియం అని పేరు మార్చి అమెరికన్ ఫుట్‌బాల్‌కీ, సాకర్‌కీ (మనం ఫుట్‌బాల్ అనేది) వాడారు. మా మున్సిపాలిటీలో 1960ల నాటి ఓవర్‌హెడ్ ట్యాంకు నేను రిటైరయ్యేదాకా నీళ్ళిచ్చింది. పాతికేళ్ళకే భవనం పాతబడిపోయిందంటే నాకు మింగుడు పడదు.

అసలు నేను రెండు మార్కుల దగ్గర ఆగిపోయింది బస్సు వల్ల. ఇంత పెద్ద ఊళ్ళో రూటు బస్సు లేదు. 1980, 1985, 2002, మూడుసార్లు ప్రజా రవాణాకు ఓటర్లు వద్దన్నారు. పక్కనే డాలస్, అర్వింగ్ నగరాలు డార్ట్ అనే ప్రజా రవాణా సంస్థకు ఒక శాతం సేల్స్ టాక్స్ ఇచ్చి బస్సులు, రైళ్ళు నడుపుకుంటున్నాయి. అర్లింగ్టన్ ఆ సంస్థలో చేరాలనుకున్నా ఇప్పుడు ఆ ఒక్క శాతం ఎక్కడుంది? రెండూ పంచేశారు. దోషం అంతా స్టేడియానిదే అనను, ఓటర్లు కాదన్నది స్టేడియం ముందే. కానీ మనసు మార్చుకుందామన్నా పద్దులో ఖాళీ లేకుండా చేసింది ఆ అర శాతమే. 2017 చివర్లో ఫోన్‌లో పిలిస్తే వచ్చే చిన్న వ్యాన్ల సర్వీసు మొదలుపెట్టారు, 2021లో ఊరంతా విస్తరించారు. అప్పుడు టికెట్ మూడు నుంచి ఐదు డాలర్లు. మంచి ప్రయత్నమే, అయినా రూటు బస్సులు మోసినంత మందిని అది మోయలేదు.

ఇది ఎవరికి తగులుతుందంటే, ఎక్కువగా మన పిల్లలకే. ఈ ఊళ్ళో యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ ఎట్ అర్లింగ్టన్ ఉంది. ఎం.ఎస్. చదవడానికి విజయవాడ నుంచి, హైదరాబాద్ నుంచి వచ్చిన పిల్లలు బోలెడంతమంది. మొదటి ఏడాది ఎవరికీ కారు ఉండదు. కూపర్ స్ట్రీట్ మీద మిట్టమధ్యాహ్నం ఒక కుర్రాడు భుజం మీద సోనా మసూరి సంచీ పెట్టుకుని, ఇంకో చేత్తో పాల క్యాన్ పట్టుకుని నడుస్తుంటే మా అమ్మాయి కారు ఆపింది. నెల్లూరు అబ్బాయి. "పర్లేదాంటీ, ఇంకో మైలే" అన్నాడు, చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది. ఎక్కించుకుని దింపి వచ్చాం.

పక్క ఊళ్ళో ఏం జరిగిందో కూడా చెప్తాను, క్రికెట్ పిచ్చివాళ్ళకు ఉపయోగపడుతుంది. గ్రాండ్ ప్రెయిరీ నగరం 2008లో చిన్న బేస్‌బాల్ మైదానం కట్టింది. ఆ జట్టు వెళ్ళిపోయాక క్రికెట్ వాళ్ళకి లీజుకిచ్చింది. దాన్ని మార్చి 2023లో మేజర్ లీగ్ క్రికెట్ మొదలుపెట్టారు. 2024 జూన్ 6న అమెరికా సూపర్ ఓవర్‌లో పాకిస్తాన్‌ను ఓడించింది అక్కడే. టెక్సస్ సూపర్ కింగ్స్ ఆట ఉన్న రోజు స్టాండ్స్‌లో తెలుగు వినపడని వరుస ఉండదు. ఏసీ లేదు, కప్పు లేదు. ఉన్న కట్టడాన్నే మళ్ళీ వాడుకున్నందుకు నాకు ఆ మైదానం అంటే చాలా ఇష్టం.

ఊరికొచ్చిన అమ్మానాన్నలతో గ్లోబ్ లైఫ్ ఫీల్డ్‌కి తప్పకుండా వెళ్ళండి. పెద్దవాళ్ళకు ఇబ్బంది లేని చోటు. లోపల చలేస్తుంది, ఒక శాలువా పట్టుకెళ్ళండి.

అర్లింగ్టన్‌లో ఓటున్న తెలుగువాళ్ళకు మాత్రం ఒక పని చెప్తాను. నగర ఆర్థిక సంవత్సరం అక్టోబర్ 1న మొదలవుతుంది. దానికి ముందు, వేసవి చివర్లో, కౌన్సిల్ బడ్జెట్ మీద పబ్లిక్ హియరింగ్ పెడుతుంది, ఎవరైనా వెళ్ళి మాట్లాడొచ్చు. 2016 అప్పు తీరాక ఆ అర శాతం రద్దవుతుందా, బస్సుకు వెళ్తుందా, నాలుగో స్టేడియానికి వెళ్తుందా అని అడగండి. జవాబు సమావేశం మినిట్స్‌లో రాయించండి. మా అమ్మాయికి ఓటు ఉంది, తను వెళ్తానంది.