చదివిన పుస్తకం అరలో పెట్టాలా, టేబుల్ మీదే వదలాలా? ఏది మేలు?

యూనివర్సిటీ లైబ్రరీకి బయటి పాఠకులుగా వెళ్తే బ్యాగు కౌంటర్లో ఇవ్వాలి, గట్టిగా మాట్లాడకూడదు అన్నవి ఎవరూ చెప్పకపోయినా తెలుస్తాయి. తికమక పడేది చదివిన పుస్తకం దగ్గరే. తీసినవాళ్లే తీసిన చోట పెట్టాలన్నది ఇంట్లో నేర్చుకున్న మర్యాద. చాలా లైబ్రరీల్లో మాత్రం 'చదివిన పుస్తకాలు టేబుల్ మీదే వదిలేయండి' అని బోర్డు ఉంటుంది. బద్ధకస్తుల కోసం పెట్టిన రూల్ కాదది.

మనమే సర్దితే లాభం లేకపోలేదు. పుస్తకం వెంటనే ఇంకొకరికి అందుతుంది, సిబ్బందికి పని తగ్గుతుంది. అయితే సరైన చోట పెడితేనే! విషయాన్ని బట్టి పుస్తకాలకు నంబర్లిచ్చే డ్యూయీ పద్ధతిలో 530 అంటే భౌతికశాస్త్రం. మరి 530.4, 530.12 ఈ రెండిట్లో ఏది ముందుండాలి? పన్నెండు కంటే నాలుగు చిన్నది కదా అని చాలామంది 530.4ను ముందు పెట్టేస్తారు. అవి దశాంశాలు, కాబట్టి 530.12 ముందు రావాలి. ఇలా తప్పిన పుస్తకం లైబ్రరీలోనే ఉన్నా పోయినదానితో సమానం. కంప్యూటర్లో 'ఉంది' అనే చూపిస్తుంది, అరలో కనపడదు. ఒకసారి నేను మధ్యాహ్నమంతా వెతికిన పుస్తకం చివరికి రెండు ర్యాకుల అవతల దొరికింది. పెట్టినవాళ్లు మంచి మనసుతోనే పెట్టి ఉంటారు, సందేహం లేదు.

టేబుల్ వైపు ఇంకో బలమైన కారణం ఉంది. బయటివాళ్లకు సాధారణంగా పుస్తకం ఇంటికి ఇవ్వరు, కాబట్టి మనం చదివినట్టు ఏ లెక్కలోనూ పడదు. టేబుళ్ల మీది పుస్తకాలను అరల్లో సర్దే ముందు స్కాన్ చేసే లైబ్రరీలు ఉన్నాయి. ఎవరూ ముట్టని పుస్తకాలను ఏరేసేటప్పుడు ఆ లెక్క పనికొస్తుంది. గుట్టుగా అరలో పెట్టేస్తే, మీకు నచ్చిన పుస్తకమే ఎవరికీ అక్కర్లేనిదిగా మిగలొచ్చు.

'పాఠకుడి సమయం ఆదా చేయాలి' అన్నది 1931లో గ్రంథాలయ శాస్త్ర నిపుణుడు రంగనాథన్ చెప్పిన ఐదు సూత్రాల్లో నాలుగోది. దాన్ని పట్టుకుని అర వైపు కూడా వాదించొచ్చు. ఎందుకంటే టేబుల్ మీద పుస్తకం సాయంత్రం దాకా పడి ఉంటే అవతలివాళ్లకు దొరకదు. అయినా కాసేపు ఆగడం వేరు, ఎప్పటికీ దొరకకపోవడం వేరు. నా ఓటు టేబుల్‌కే, దగ్గర్లో ట్రాలీ ఉంటే ట్రాలీకే. కాకపోతే చదవని పది పుస్తకాలు పేర్చుకుని టీకి వెళ్లిపోవడం ఈ కోవలోకి రాదు.

కొత్త పత్రికల సంగతి వేరు. స్టాండు మీద పేరు రాసే ఉంటుంది, పొరపాటుకు తావు లేదు, మనమే పెట్టేయొచ్చు. అరుదైన ప్రతులైతే అరా కాదు, టేబులూ కాదు, ఇచ్చినవాళ్ల చేతికే తిరిగివ్వాలి. బోర్డేమీ కనిపించకపోతే బ్యాగు ఇచ్చేటప్పుడే కౌంటర్లో అడిగేయండి.