సార్జెంట్ పెప్పర్: నా ఓటు మోనోకే, ప్రస్తుతానికి

బ్రిటిష్ రాక్ బృందం బీటిల్స్ వాళ్ల ‘సార్జెంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్’ గొప్ప ఆల్బమ్ అని నేను కొత్తగా చెప్పక్కర్లేదు. నా బాధంతా దాని 1967 నాటి స్టీరియో మిక్స్ గురించి. స్టీరియో అంటే గొంతులు, వాయిద్యాలను ఎడమ, కుడి చానెళ్లకు పంచి కలపడం; మోనోలో అన్నీ ఒకే చానెల్‌లో ఉంటాయి. ఏళ్ల తరబడి ఆఫీసు బస్సులో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని అదే విన్నాను.

ఒకరోజు ఇయర్‌ఫోన్స్‌లో కుడివైపుది పోయింది. ఉన్న ఎడమదానితోనే సరిపెట్టుకుందామని ‘ఎ డే ఇన్ ద లైఫ్’ పెట్టాను. గిటార్ శుభ్రంగా వినిపిస్తోంది, పాడే జాన్ లెనన్ గొంతు మాత్రం లేదు! ఫైలు పాడైందేమో అనుకుంటుండగా, పాట ముందుకు నడిచేకొద్దీ గొంతు కొంచెం కొంచెంగా వచ్చి చేరింది. ఆ మిక్స్‌లో గొంతును కుడి చివర మొదలుపెట్టి మెల్లగా ఎడమకు జరిపారు మరి. ఫోన్ సెట్టింగ్స్‌లో ‘మోనో ఆడియో’ ఆన్ చేస్తే గొంతు తిరిగొచ్చింది గానీ, రెండు చానెళ్లనూ కలిపేసినంత మాత్రాన అసలు మోనో మిక్స్ అయిపోదు.

అసలుది వేరు. అప్పట్లో బ్రిటన్‌లో ఎక్కువ మంది ఇళ్లలో ఉన్నవి మోనో ప్లేయర్లే. అందుకే బీటిల్స్ నలుగురూ నిర్మాత జార్జ్ మార్టిన్, ఇంజనీర్ జెఫ్ ఎమెరిక్‌లతో కూర్చుని మోనో మీదే శ్రద్ధ పెట్టారు. స్టీరియో పని తర్వాత, ఆ నలుగురూ లేకుండానే, త్వరత్వరగా అయిపోయింది.

2009లో వచ్చిన మోనో సీడీ దొరికాక ఆ తేడా నా చెవికే తెలిసింది. ‘షీజ్ లీవింగ్ హోమ్’ స్టీరియోలో ‘ఇ’ శ్రుతిలో ఉంటే, మోనోలో దానికంటే పైనున్న ‘ఎఫ్’లో ఉంటుంది. శ్రుతి పెరిగింది, నడకా చురుకైంది. ఇన్నాళ్లూ నాకు నీరసంగా అనిపించిన పాట ఇదేనా అనిపించింది. టైటిల్ పాట రెండోసారి వచ్చినప్పుడు చివర్లో బృందంలోని పాల్ మెకార్ట్‌నీ వేసే కేకలు స్టీరియోలో దాదాపు వినబడవు. మోనోలో అవి వింటుంటే బస్సులో ఉన్నానని మర్చిపోతాను.

అలాగని అన్నీ మోనోలోనే బాగున్నాయని అనలేను. జార్జ్ హారిసన్ ‘వితిన్ యు వితౌట్ యు’లో దిల్‌రుబా, తబలా, వయొలిన్‌లు నాకు స్టీరియోలోనే విడివిడిగా, హాయిగా వినిపిస్తాయి. ఇంకో మాట. నేను ఇంత తిట్టిన ఆ గొంతు జరగడం కూడా, స్నేహితుడి ఇంట్లో రెండు పెద్ద స్పీకర్ల మధ్య కూర్చుని వింటే బాగానే ఉంది. తర్వాత 40 మంది ఆర్కెస్ట్రా అంతా కింది స్వరం నుంచి పైకి ఎగబాకేటప్పుడు గది నిండిపోయింది. బస్సులో అదెప్పుడూ తెలియలేదు.

2017లో జార్జ్ మార్టిన్ కొడుకు జైల్స్ మార్టిన్ మోనోను దగ్గర పెట్టుకుని చేసిన కొత్త స్టీరియో మిక్స్ కూడా ఉంది. గొంతులు మధ్యలోకి వచ్చాయి కాబట్టి ఇయర్‌ఫోన్స్‌కి ఇబ్బంది లేదు. బేస్, డ్రమ్స్ మాత్రం నాకు మరీ ముందుకొచ్చినట్టున్నాయి. ఈ కాలం పాటలకు అలవాటుపడ్డ చెవులకు బహుశా అదే నచ్చుతుంది.

నాలా ప్రయాణాల్లో వినేవాళ్లయితే మోనోతో మొదలుపెట్టండి. ఇంట్లో మంచి స్పీకర్లు, కాస్త తీరిక ఉన్నవాళ్లకు మాత్రం పాత స్టీరియో వద్దని గట్టిగా చెప్పలేను. నేనూ స్పీకర్లు కొనాలనే చూస్తున్నాను, కొన్నాక నా ఓటు మారినా మారొచ్చు.